ఒర్రెతల్లి ఇచ్చిన సెలవు

నేను ఏడు నెలలు దేవతగ ఉన్న. నవ్వకున్రి. పూనకం గాదు, నాటకం గాదు. కరీంనగర్ల టైర్ల దుకాణం మీది అంతస్తుల ఒక కంప్యూటర్ కోర్సు చెప్పేటోళ్లు. గా గదిల ఏసీ చలికి చున్నీ కప్పుకొని, కీబోర్డు ముంగట కూసొని నేను దేవతనైన. తొంభైలల్ల మాట ఇది. ఇంటర్నెట్ అనే మాట పేపర్ల చదువుడే గాని, మా దిక్కు కండ్లతోని చూసినోళ్లు లేకుండె.

గదిల ఎనిమిది తెరలు, అన్నిటికి కలిపి ఒక్కటే పెద్ద మిషన్. నల్లటి తెర మీద ఆకుపచ్చ అక్షరాలు తప్ప ఇంకేం కనవడకపోయేది. ఒకలు కొట్టింది ఇంకొకలకు కనవడేటట్టు చెయ్యొచ్చని మాకు పాఠం చెప్పే సారు కనిపెట్టిండు. కనిపెట్టుడంటే, హైదరాబాదుల యాడనో చూసొచ్చిండు. చూసొచ్చి, రెండు నెలలు కూసొని ఒక ఆట రాసిండు. అందుల ఒక ఊరు, ఊరి పక్కన అడవి, రెండిటి నడుమ ఒక ఒర్రె. ఒర్రె అంటే చిన్న వాగు. మాలో ఒక్కొక్కలకు ఒక్కొక్క వేషం. పటేలు, గొల్లాయన, వైద్యుడు, దొంగ, బట్టల బేరగాడు. నడిచినా, తిన్నా, కొట్లాడినా అంత అక్షరాలతోనే. తెలుగే, గాని ఇంగ్లీషు అక్షరాలల్ల కొట్టాలె. తెరకు తెరకు నడుమ ప్లైవుడ్ చెక్క ఉండె. ఎవరిది ఏ వేషమో ఎవ్వరికి చెప్పొద్దని షరతు. పగటీలి, అంటే మధ్యాహ్నం, క్లాసు అయినంక రెండు గంటలు ఆడేది.

చీటీలు తీస్తే నాకు బాటసారి వేషం వచ్చింది. నాకు పుట్టుకతోనే ముక్కు మీద కోపం. సారు దగ్గరికి ఒక్కదాన్నే పోయి, "అందరికి ఊర్లె ఇల్లున్నది, నాకొక్కదానికే లేదా? నేనేం పాపం జేసిన సార్?" అని లొల్లి పెట్టిన.

ఆయన నవ్వి, "మరేం గావాలె నీకు?" అన్నడు.

నోటికేదొస్తే అదనుడు నాకు అలవాటు. "దేవతనైత" అన్న.

సారుకు మస్తు నచ్చింది. దేవత ఎవరికీ కనవడది, దేవతకు మాత్రం అందరు కనవడుతరు అన్నడు. ఏ తెర మీద ఎవరు కూసొని ఏం కొడుతున్నరో నా తెర మీద పడేటట్టు రాసిచ్చిండు. దేవత పేరు, గుణం, నియమం అంత నన్నే అనుకోమన్నడు. నేను ఆలోచించి ఒర్రెతల్లి అని పేరు పెట్టిన. బొమ్మ లేదు, గుడి లేదు. ఒర్రె ఒడ్డున ఉంటది, ఆమెను అడుగకుంట ఎవ్వలు దాటొద్దు. గంతే.

మరి అడుగుడెట్ల? గా పద్ధతి నేను సొంతంగ పుట్టించింది గాదు. దొంగతనం చేసిన.

నాది చెన్నూరు. నాతోని ఒకటే గదిల కిరాయికుండే పిల్లది ఇచ్చోడ. ఆమె గుడ అదే కోర్సు. పొద్దుమీకంగ గ్యాసునూనె స్టవ్ మీద అన్నం వండుకుంట మాట్లాడుకునేటోళ్లం. వాళ్ల ఊర్లె ఒక ముసలామె ఉండేదట. ఎవరు ఊరు దాటాలన్నా, బొంబాయి పోవాలన్నా, బిడ్డను అత్తగారింటికి పంపాలన్నా ఆమెనే అడిగేటోళ్లు. ఆమె గిన్నెలకెల్లి చిటికెడు బియ్యం తీసి, గుప్పిట్లనే జోడు జోడుగ లెక్కపెట్టేది. సరి వస్తే ఊరిదేవత అమ్మ సెలవిచ్చినట్టు. బేసి వస్తే ఆగుడే. ఎంత పెద్ద పటేలైనా ఆగేటోడట. ముసలామె పోయిన ఏడు సచ్చిపోయింది.

"మరిప్పుడెట్ల?" అన్న.

"అమ్మ ఇంకో నోరు దేవులాడుకుంటది అంటరు పిల్లా. ఏడాదైంది. ఎవ్వల మీదికి రాలే. మా అవ్వకైతే గదే ఫికర్" అన్నది.

నేను గా గింజలు తెచ్చి ఆటల పెట్టిన. ఎవరన్న సెలవడిగితే నేను ఒక మీట ఒత్తుత. మిషన్ ఒక అంకె ఇస్తది. అది నాకొక్కదానికే కనవడుతది. సరి అయితే దాటమంట, బేసి అయితే ఆగమంట. సారుకు అది రెండు వరుసల పని. మా గది పిల్లకు చెప్పలే. తెర మీద చూసి నవ్వుతది, 'ఓ పోరీ, మా ముసలామెను ఎత్తుకొచ్చినవా' అని నన్ను పట్టేస్తదనుకున్న.

ఆమె నవ్వలే. మొదటిరోజు గదికొచ్చి అన్నం ముంగట పెట్టుకొని కూసున్నది, ముద్ద లేవలే. "గా ఆటల ఒక తల్లున్నది పిల్లా. గింజలు చూస్తది" అన్నది. మెల్లగ, ఎవరన్న వింటరన్నట్టు చెప్పింది. అప్పుడే 'అది నేనేనే పిచ్చిదానా' అంటే అయిపోయేది. సారు షరతని నోరు మూసుకున్న అని ఎన్నో ఏండ్లు నాకు నేను చెప్పుకున్న. ఉత్త మాట. నాకు మజా అనిపించింది, అందుకే చెప్పలే.

మజా అంటే ఎట్ల చెప్పాలె. దొంగ వేషం కట్టినాయన ఒర్రె కాడికొచ్చి కారెడ్డెం ఆడిండు, "ఓ తల్లీ, కోడిని గోస్త, జర తొందరగ పంపు" అని. నాకు కోపమొచ్చింది. ఆయన సైకిల్ పోయిందని, ఇంట్ల చెప్పలేదని నేను మెట్ల కాడ విన్న. "సైకిల్ సంగతి మీ బాపుకు ఎప్పుడు చెప్తవు?" అని కొట్టిన. చెక్క అవుతల కీబోర్డు చప్పుడు ఆగింది. ఆయన లేచి, మా అందరి దిక్కు ఒక్కసారి చూసి, నీళ్లు తాగెతందుకు పోయిండు. మళ్ల ఆ దినం ఆడలే.

తెల్లారి పెద్ద మిషన్ మీద ఒక నిమ్మకాయ ఉన్నది. ఎవరు పెట్టిన్రో ఎవ్వలు చెప్పలే. సారు కోపానికొచ్చి, రసం కారితే లక్షల సామాను ఖరాబైతదని తిట్టి, కాయను కిటికీలకెల్లి ఇసిరిండు. వారం దినాలకు నా తెర కాదు, పక్క తెర మూలకు పసుపు మరక కనవడ్డది. నేనే తుడిచిన. ఇంకో పది దినాలకు సారే ఒర్రె కాడికొచ్చిండు. హైదరాబాదుల ఉద్యోగానికి పిలిచిన్రట, పోవాల్నా వద్దా అని అడిగిండు. రాసినాయనే అడిగిండు! అంకె ఎట్ల వస్తదో ఆయనకంటే ఎవరికెరుక? గింజలు చూస్తే బేసి వచ్చింది, ఆగమన్న. ఆయన నిజంగనే ఆగిండు. నాకు భయమైంది, గాని మానలే.

ఇగ మా పిల్ల సంగతి. ఆమెకో అన్న ఉండె. ఇచ్చోడల హైవే మీద లారీల షెడ్డుల పని చేసేటోడు. నెలకోసారి బస్సుల జొన్న రొట్టెలు, పల్లికారం మూటగట్టుకొని వచ్చేటోడు. వచ్చిండంటే మా గది అంత నవ్వులే. రొట్టె తుంచి నాక్కూడ పెట్టి, "తిను, చెన్నూరోళ్లు బియ్యం తిని తిని సన్నబడ్డరు" అనేటోడు. ఇప్పుడు దాచుడెందుకు, నాకు ఆయనంటే ఇష్టముండె. ఆయన పోయినంక రెండు దినాలు ఆయన కూసున్న సాప మడిచిపెట్టకపోయేది నేను. ఆయనకు తెల్వది. ఆయన చెల్లెకు గుడ తెల్వది.

ఆయనకు గల్ఫ్ పోవాలని ఒకటే పట్టు. ఏజెంటు డ్రైవర్ పని అని చెప్పిండు, వీసా వచ్చింది, పది దినాలల్ల బొంబాయికి రమ్మన్నరు. బాపు లేడు వాళ్లకు, కన్నతల్లి అవ్వ ఒక్కతే. అవ్వ ఏమో అమ్మ సెలవు లేనిది గడప దాటనియ్య అని కూసున్నది. అమ్మకేమో ఊర్లె నోరు లేకపాయె. ఆ నెల వచ్చినప్పుడు ఆయన నవ్వలే. "గీ ఒక్కసారి దాటితే చాలు. లేకుంటే షెడ్డులనే నల్లగై సస్త" అన్నడు. నా దిక్కు చూసి, "నువ్వన్న చెప్పరాదు మా అవ్వకు" అన్నడు. ఆ చూపు నాకు ఇంకా యాదికున్నది.

తెల్లారి పగటీలి, మా పిల్ల తెరకెల్లి అక్షరాలు ఒక్కొక్కటే వచ్చినయి. "తల్లీ, నువ్వు మా ఊరి అమ్మవే అని నాకెరుక. నోరు దొరక్క గీ మిషన్లకు వచ్చినవు. నేను ఆట అడుగుతలే. మా అన్న సముద్రం దాటుతడట. సెలవిస్తవా?"

నడుమ చెక్క ఒక్కటే. ఆమె గాజుల చప్పుడు ఇనవడుతుంది నాకు. లేచి పోయి బుజం మీద చెయ్యేస్తే అయిపోయేది. నేను మీట ఒత్తిన. పదిహేడు.

బేసి. ఆగుమనాలె. నేను ఆ అంకె దిక్కు చానసేపు చూసిన. మిషన్ ఇచ్చిన అంకె, దీనికేం తెలుసు అనుకున్న. ఇన్ని దినాలు అదే అంకె మీద అందరిని ఆపినదాన్ని, ఆ ఒక్క దినం దానికేం తెలుసు అనుకున్న. ఆయన సంతోషపడుతడు అనుకున్న. ఒక్క మాట కొట్టిన: "సరి వచ్చింది. దాటుమను."

చెక్క అవుతల మా పిల్ల బోరున ఏడ్చింది, సంతోషంతోని. ఎస్టీడీ బూతుకు ఉరికి వాళ్ల ఇంటిపక్క దుకాణానికి ఫోన్ చేసింది. అయిదో దినం ఆయన బొంబాయి రైలెక్కిండు. కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోరాదంటరు. నాది జారలే. నేను కావాలని అన్న.

నెలైంది. ఉత్తరం రాలే. కొత్తగ పోయినోళ్ల ఉత్తరం వచ్చెతందుకు రెండు నెలలైతది అన్నరు ఎరుకున్నోళ్లు. రెండు నెలలైంది. మూడైంది. మా పిల్ల ఆట ఆడుడు బంద్ చేసింది. దినాం లోపటికొస్తది, ఒర్రె ఒడ్డుకు పోతది, గాడనే కూసుంటది. అడవిలకు పోదు, ఊర్లెకు పోదు. మిగిలినోళ్లు ఆమెను సుట్టుకొని పోయేటోళ్లు. ఆమె ఒకటే మాట కొట్టేది, "తల్లీ, దాటిచ్చినవు గదా, ఎట్లున్నడు?" నేను "ఓపిక పట్టు" అని కొట్టేది. గదికొచ్చినంక అదే మాట నోటితోని గుడ చెప్పేది. పొద్దంత దేవతగ చెప్పుడు, పొద్దుమీకినంక దోస్తుగ చెప్పుడు. ఆమె రెండిటికి తలూపేది. ఆమె ఎముకలు తేలుతుంటే చూసుకుంట నేను అన్నం తిన్న.

ఆయన పాస్‌పోర్టు ఫోటో ఒకటి తెచ్చి తెర కింద సందుల దోపింది. సారు చూసి గుడ తియ్యలే. ఒకదినం కరెంటు పోయింది. ఎనిమిది తెరలు ఒక్కసారే నల్లబడ్డయి. కరెంటు పోవుడు మాకు కొత్త గాదు, అందరం చేతులు కట్టుకొని కూసుంటం. ఆ దినం చెక్క అవుతలకెల్లి మా పిల్ల "పోయిండు" అన్నది. కేక గాదు, మామూలు గొంతుతోనే. కరెంటు వచ్చినంక సారు ఆట తెరువలే. మరుసటి దినం గుడ తెరువలే. కోర్సు అయిపోవొస్తుంది, ఇగ చదువుకోన్రి అన్నడు. సామాను సర్దుకొని ఎవరిండ్లకు వాళ్లం పోయినం.

నాలుగు నెలలైనంక ఒకనాడు పగటిపూట ఆమె చెన్నూరుకు మా ఇంటికొచ్చింది. చెప్పాపెట్టకుంట వచ్చింది. చెంబుల నీళ్లిస్తే తాగలే. అరుగు మీద కూసొని చెప్పింది. పక్క ఊరాయన ఒకలు గల్ఫ్ కెల్లి వాపస్ వచ్చిండట. వాళ్లన్నది డ్రైవర్ పని గాదట. ఎడారిల గొర్లు కాసెతందుకు తోలిన్రట. మనిషి మాట ఇనవడని జాగ. సేటు కొట్టేటోడట. నెల దిరగకముందే ఒక పగటీలి నీళ్ల సీస పట్టుకొని రోడ్డు దొరుకుతదని నడుసుకుంట పోయిండట. మళ్ల ఎవ్వలకు కనవడలేదట. గొర్ల కాడ ఆయన చెప్పులొక్కటే ఉన్నయట.

"మా అవ్వకు చెప్పలే" అన్నది. "నెల అయితుంది నాకు తెలిసి. దినాం అడుగుతది, ఉత్తరం వచ్చిందా బిడ్డా అని. నా నోరు లేస్తలేదు."

"ఒర్రెతల్లిని నేనే" అన్న. "బేసి వచ్చింది. పదిహేడు. నేను అబద్ధం చెప్పిన."

ఆమె నన్ను కొడుతదనుకున్న. కొడితే ఎంత బాగుండు. ఆమె నా మొఖం దిక్కు చూసింది, కొత్త మనిషిని చూసినట్టు. ఎందుకని అడుగలే. అడిగితే మీ అన్న మీద ఇష్టమని చెప్పేదాన్నో లేదో, నాకే తెల్వది. "అయితే నువ్వే రా. పంపినదానివి నువ్వు. వాడు రాడని నువ్వే చెప్పు మా అవ్వకు" అన్నది.

మూడో దినం పోయిన. నిర్మల్ల బస్సు మారి, ఘాట్లు ఎక్కి ఇచ్చోడల దిగేసరికి మిట్ట మధ్యాహ్నం. దారి పొడుగుత ఒకటే మాట లోలోపట చెప్పుకుంట పోయిన. 'అవ్వా, ఆయన ఇగ రాడు. తప్పు నాది.' గంతే మాట. నాలుగు ముక్కలు. ఎవరన్న చెప్పొచ్చు.

వాళ్ల ముందటి గదిల పత్తి కుప్ప నడుము దాక ఉన్నది. అవ్వ దాని పక్కన కూసొని పత్తిల చెత్త ఏరుతుంది. సన్నటి మనిషి. బిడ్డ ముందే చెప్పినట్టున్నది నేనెవరో. నన్ను చూసి లేచి నిలబడ్డది. నేను వద్దన్నా నన్ను కూసోబెట్టి, తను కింద కూసున్నది. మా పిల్ల తలుపుకు ఒరిగి నిలబడ్డది.

"అవ్వా, అది ఆట. నేను దేవతను గాదు" అన్న. "గింజలు బేసి వచ్చినయి. నేను సరి అని చెప్పిన. అబద్ధం చెప్పిన అవ్వా."

అవ్వ చేతులల్ల పత్తి ఏరుడు ఆపలే. "మా ముసలామె గుడ గుప్పిట్లనే లెక్కపెట్టేది బిడ్డా. గుప్పిట్లనే కలిపేది. ఎన్నొచ్చినయో మేమెన్నడు సూడలే. సరో బేసో అమ్మకెరుక. మాకు నోట్లకెల్లి వచ్చిందే మాట" అన్నది.

"అది మిషన్ అవ్వా!"

"రాయికి బొట్టు పెడితే అమ్మైతది. మిషన్ అయితేంది, పిల్ల అయితేంది. పలికినవు గదా." పత్తి పక్కకు పెట్టింది. మోకాళ్ల మీద జరుగుకుంట నా దగ్గరికొచ్చింది. "పొమ్మన్నవు, పంపిన. నేను నీ మాట మీద పంపిన. ఇప్పుడు గిది గుడ నువ్వే చెప్పాలె. నా కొడుకు వస్తడా?"

తలుపు కాడ మా పిల్ల నా దిక్కే చూస్తుంది. చెప్పు, చెప్పు అన్నట్టు గదుమ కదిలించింది. నాలుగు ముక్కలు. నాలుక మీదనే ఉన్నయి. అవ్వ కండ్లు నా నోటి మీద ఉన్నయి. నా కండ్ల మీద గాదు, నోటి మీద.

"వస్తడు" అన్న.

మా పిల్ల గొంతులకెల్లి ఒక సప్పుడు వచ్చింది. తలుపు ఇడిసిపెట్టి వాకిట్లకు పోయింది, మళ్ల ఆమె నాతోని ఒక్క మాట మాట్లాడలే, ఆ దినం గాదు, ఇంకెన్నడు గాదు. అవ్వ కొంగుతోని మొఖం తుడుచుకొని లోపటికి పోయింది. చెంబుల నీళ్లు తెచ్చింది. తాగెతందుకనుకొని చెయ్యి సాపిన. ఆమె చెంబు నా చేతికియ్యలే. వంగి నా కాళ్ల మీద పోసింది. మా దిక్కు బోనమెత్తినామెకు, అమ్మ మీదికొచ్చినామెకు గట్ల పోస్తరు. నా అవ్వ కంటే పెద్ద మనిషి. తడిసిన నా పాదాలను రెండు చేతులతోని తుడిచి, ఆ చేతులు తన కండ్లకద్దుకున్నది.

నేను కాళ్లు వెనుకకు తీసుకోలే.